డేటాబేస్ ఫోరెన్సిక్స్ అంటూ ఉద్యోగం నిజంగా ఉందా? ఆరేళ్ల డీబీఏని, మారాలనుకుంటున్నా

నైట్ షిఫ్ట్ డీబీఏ

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దగ్గర, ఉండేది మియాపూర్‌లో. ఆరేళ్లుగా ఒరాకిల్ డీబీఏని, అంటే కంపెనీల డేటాబేస్‌లు కాచుకునే పని. ఏడాదిన్నర కింద పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ కూడా నా నెత్తిన పెట్టారు. వారం విడిచి వారం నైట్ షిఫ్ట్. టేబుల్‌స్పేస్ నిండింది, బ్యాకప్ ఫెయిలైంది, ఫలానా క్వెరీ కదలట్లేదు... ఎప్పుడూ ఇవే టికెట్లు. వయసు 31.

పోయిన నెల మా క్లయింటు దగ్గర ఒక గొడవైంది. ఎవరో ఒక టేబుల్లో రేట్లు మార్చేశారు. తేల్చడానికి బయటి నుంచి ఇద్దరొచ్చి మూడు రోజులు మా పక్కనే కూర్చున్నారు. వాళ్లలో ఒకావిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఆర్కైవ్ లాగ్‌లు ఎన్ని రోజులవి ఉన్నాయి?" (డేటాబేస్‌లో జరిగిన మార్పులన్నీ రాసి ఉండే ఫైళ్లవి.) మేం ఏడు రోజులవే ఉంచుతాం. మార్పు జరిగి అప్పటికి తొమ్మిది రోజులు. ఆవిడ ఏమీ అనలేదు, నోట్‌బుక్‌లో రాసుకుంది అంతే. నాకే తల కొట్టేసినట్టయింది. ఆ మూడు రోజులూ వాళ్లు చేసింది, అంటే డేటాబేస్‌లో ఎప్పుడు ఏం మారిందో ఆధారాలతో తవ్వి తీయడం, చూశాక మాత్రం, ఇన్నేళ్లలో మొదటిసారి "ఈ పని నేనూ చేయాలి" అనిపించింది.

అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు "డేటాబేస్ ఫోరెన్సిక్ ఎక్స్‌పర్ట్" కోర్సు అంటున్నారు. నాలుగు నెలలు, లక్షా ఎనభై వేలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ. తీరా ఉద్యోగాల సైట్లలో ఆ పేరుతో వెతికితే ఒక్క పోస్టూ కనపడలేదు. అసలు ఈ ఉద్యోగం ఉందా? రోజూ ఏం చేస్తారు? నా ఆరేళ్లు లెక్కలోకి వస్తాయా, మళ్లీ ఫ్రెషర్‌నేనా? లా చదవాలా? ఫ్లాట్ ఈఎంఐ ఉంది, జీతం మరీ పడిపోతే నా వల్ల కాదు. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

పాత లాగు

తమ్ముడూ, ముందు ఆ లక్షా ఎనభై వేలు జేబులోనే ఉంచుకో. తర్వాత మాట్లాడదాం.

నేను పదకొండేళ్లు డీబీఏని, ఎక్కువగా ఎస్‌క్యూఎల్ సర్వర్. ఇప్పుడు ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నా. ఆ పేరుతో పోస్టు నీకు కనపడకపోవడంలో తప్పు లేదు, నా విజిటింగ్ కార్డు మీద కూడా ఆ మాట లేదు. పెద్ద ఆడిట్ సంస్థల్లో దీన్ని "ఫోరెన్సిక్ టెక్నాలజీ" అంటారు, సెక్యూరిటీ కంపెనీల్లో "ఇన్సిడెంట్ రెస్పాన్స్" అంటారు, బ్యాంకుల్లో అయితే ఫ్రాడ్ విభాగంలో ఒక మూల కూర్చోబెడతారు. వాటిల్లో డేటాబేస్ లోపలికి దిగగలిగేవాడు టీముకి ఒకడుంటే గొప్ప. మిగతావాళ్లు ల్యాప్‌టాప్ డిస్కులు, ఫోన్లు, మెయిళ్లు చూసుకుంటారు. "సర్వర్‌లో ఏదో రో (టేబుల్లో ఒక ఎంట్రీ) మారిందట" అనగానే అందరూ నీ వైపు తిరుగుతారు. ఉద్యోగం అంటే అదీ. కాబట్టి ఫోన్, డిస్క్ పని కూడా కొంత నేర్చుకోక తప్పదు. ఫోన్లో వాట్సాప్ సందేశాలు ఉండేది కూడా ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోనే కదా, ఆ దారిన నువ్వు తేలిగ్గానే లోపలికి వస్తావు.

నీ ఆరేళ్లూ లెక్కలోకి వస్తాయి. ఒక్క అలవాటు మాత్రం వదిలించుకోవాలి. డీబీఏకి ఒక చేతి దురద ఉంటుంది, కనపడింది కనపడినట్టు బాగుచేసేయాలని. సర్వీసు ఆగితే రీస్టార్ట్, డిస్క్ నిండితే పాత లాగ్‌లు డిలీట్, టేబుల్ చెడితే నిన్నటి బ్యాకప్ రీస్టోర్. అక్కడ అవి మెచ్చుకునే పనులు. ఇక్కడ ఆ మూడూ సాక్ష్యాన్ని చేజేతులా తుడిచేయడమే. నేను చూసిన కేసుల్లో ఆధారం పోగొట్టినవాళ్లలో దొంగల కంటే మంచి డీబీఏలే ఎక్కువ.

ఊరికే చెబితే ఎక్కదు, ఒక కేసు చెబుతా. పేర్లు అడగొద్దు.

గుంటూరు చుట్టుపక్కల ఒక కోల్డ్ స్టోరేజీ. ఒక రైతు మార్చిలో 412 టిక్కీల మిర్చి పెట్టాడు. టిక్కీ నలభై కిలోల పైమాటే, లెక్క వేసుకో. ఆగస్టులో, సరుకు పెట్టినప్పుడు ఇచ్చిన బాండ్ కాగితం పట్టుకుని సరుక్కి వస్తే కంప్యూటర్లో 112 అని ఉంది. కాగితం మీద 412. క్లర్కేమో "సాఫ్ట్‌వేర్ తప్పు" అన్నాడు, సాఫ్ట్‌వేర్ చేసినాయన "ఎంట్రీ తప్పు" అన్నాడు, ఓనరేమో బాండే దొంగది అన్నాడు. నన్ను పిలిచింది ఓనరు తరఫు లాయరు.

నేను వెళ్లేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. డిస్క్ నిండిందని సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఎనీడెస్క్‌లో దూరం నుంచే వచ్చి ట్రాన్సాక్షన్ లాగ్ (మార్పులు రాసుకునే ఫైలు) ష్రింక్ చేశాడు, అంటే కుదించేశాడు. పాపం వాడు దాచలేదు, "నేనే చేశా సార్, స్లోగా ఉందన్నారు" అన్నాడు. అసలు ఆ డేటాబేస్ సింపుల్ రికవరీ అనే సెట్టింగులో ఉంది, లాగ్ దానంతటదే తిరగరాసుకుంటూ పోతుంది, ష్రింక్ చేయకపోయినా జులై సంగతులు ఆగస్టులో దొరికేవి కావు. బ్యాకప్ ఉందా అంటే పెన్‌డ్రైవ్ ఇచ్చారు. ప్రతి శనివారం తీస్తారట, ఒకే ఫైలు పేరు, పాతదాని మీదే కొత్తది. డిఫాల్ట్ ట్రేస్, అంటే సర్వర్ తనంతట రాసుకునే చిట్టా, చూద్దామంటే అది ఐదు ఫైళ్లే ఉంచుతుంది, సర్వీసు రీస్టార్ట్ అయినప్పుడల్లా కొత్తది మొదలు. అక్కడ కరెంటు పోయిన ప్రతిసారీ రీస్టార్టే. అయిపోయింది.

అయినా చూడు, డేటాబేస్ అంత తేలిగ్గా మర్చిపోదు. సర్వీసు ఆపక ముందు మెమరీలో ఉన్నవి తీసుకున్నా, అంటే అప్పటి సెషన్లు, ప్లాన్ క్యాష్ (ఈమధ్య నడిచిన క్వెరీల గుర్తులు). తర్వాత సర్వీసు ఆపి, ఎండీఎఫ్ (డేటా), ఎల్‌డీఎఫ్ (లాగ్) ఫైళ్లు కాపీ చేసి, ఓనరు ఎదురుగా షా-256 హాష్ (ఫైల్లో ఒక్క బైటు మారినా మారిపోయే గుర్తు నంబరు) తీసి కాగితం మీద ఆయన చేత సంతకం పెట్టించా. ఆ కాపీకి ఇంకో కాపీ తీసి దాని మీదే పని. సర్వర్‌కి అటాచ్ చేస్తేనే ఫైలు మారిపోతుంది, అది గుర్తుపెట్టుకో.

సరుకు వివరాల టేబుల్లో ప్రతి రోకీ వరస నంబరు ఉంది, ఐడెంటిటీ కాలమ్. మార్చి ఎంట్రీలన్నీ 14 వేలల్లో ఉన్నాయి. ఈ రైతు రో తేదీ మార్చిదే, నంబరు మాత్రం 23,871. దాని ముందున్న 23,870 జులై 9 సాయంత్రం 7.40కి రాసిన గేట్ పాస్‌ది, వెనక ఉన్న 23,872 మర్నాడు పొద్దున 8.15ది. అంటే మార్చి ఎంట్రీ అని చెబుతున్నది పుట్టింది జులైలో, ఆ రాత్రి. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ నొక్కితే పాత రో డిలీట్ చేసి కొత్తది ఇన్సర్ట్ చేస్తుంది. చిన్న సాఫ్ట్‌వేర్లు చాలా వరకూ ఇంతే, రాసేవాడికి సుఖం. ఆ సుఖమే మాకు పనికొచ్చింది.

మరి పాత రో ఏమైంది? 14,205 ఉంది, 14,207 ఉంది, మధ్యది లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రో డిలీట్ చేస్తే ముందు దాని మీద ఘోస్ట్ అని గుర్తు పడుతుంది, తర్వాత వెనకాల ఒక పని వచ్చి స్లాట్ తీసేస్తుంది. బైట్లు మాత్రం ఆ 8 కేబీ పేజీలో అలాగే పడి ఉంటాయి, ఇంకేదైనా వాటి మీద పడేదాకా. కొత్త రోలన్నీ చివరి పేజీలో చేరతాయి కాబట్టి మార్చి పేజీ జోలికి ఎవరూ రాలేదు. ఎవరైనా ఇండెక్స్ రీబిల్డ్ చేసి (పేజీలన్నీ కొత్తగా రాసి) ఉంటే కథ ముగిసేది. నా అదృష్టం, అక్కడ అంత శ్రద్ధగా మెయింటెనెన్స్ చేసేవాడు లేడు. డీబీసీసీ పేజ్ అనే కమాండ్‌తో పేజీ మొత్తం హెక్సాలో (16 అంకెల లెక్కలో) తెరిచి, రెండు పూటలు కళ్లు కాయలు కాచేలా చూశా. ఎవరికీ చెందని ఖాళీలో 7ఈ 37 00 00 కనపడింది. వెనక నుంచి చదివితే 377ఈ, అంటే 14,206. దాని పక్కనే 9సీ 01 00 00. 019సీ అంటే 412. బాండ్ దొంగది కాదు.

ఆ క్షణం ఒక్కడినే ఆఫీసులో "ఉంది రా నాయనా" అని గట్టిగా అరిచా. వాచ్‌మన్ వచ్చి చూసి వెళ్లాడు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. ఎవరు మార్చారు అన్నది అసలు ప్రశ్న. అందరూ ఎస్‌ఏ అనే సర్వాధికార లాగిన్‌తోనే వస్తారు, పాస్‌వర్డ్ మానిటర్ మీద స్టిక్కర్ మీద ఉంది. లాగిన్ సక్సెస్‌లు డిఫాల్ట్‌గా రికార్డు కావు, ఫెయిలైనవే అవుతాయి. సాఫ్ట్‌వేర్‌లో యూజర్ పేరు "అడ్మిన్". నేను రిపోర్టులో రాసింది ఇదీ: మొదట 412 గా ఎక్కింది, జులై 9 రాత్రి 7.40కీ మర్నాడు ఉదయం 8.15కీ మధ్య 112 గా మళ్లీ ఎక్కించారు, మనిషి ఎవరో ఈ డేటాబేస్ చెప్పదు. లాయరుకి పేరు కావాలి. ఓనరుకి ఇంకా గట్టిగా కావాలి, ఆయన మనసులో ఒక పేరు ముందే ఉంది. రాయనన్నా. మిగతా సగం ఫీజు ఈ రోజుకీ రాలేదు.

ఇది మా పనిలో మామూలు రోజే. వారంలో రెండు రోజులు ఇలా తవ్వకం, మూడు రోజులు రాత. రాత అంటే రిపోర్టు, జడ్జికి అర్థమయ్యే మాటల్లో. "ఐడెంటిటీ నంబరు ముందువెనక కాకూడదా?" అని అవతలి లాయరు అడుగుతాడు. అవుతుంది. రోల్‌బ్యాక్ అయితే, అంటే ఎంట్రీ మధ్యలో రద్దయితే, నంబరు ఖాళీగా పోతుంది, 2012 వెర్షన్ నుంచి సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోతే వెయ్యి నంబర్లు ఎగిరిపోవచ్చు, కావాలని పాత నంబరుతో ఎక్కించే దారి కూడా ఉంది. ఇవన్నీ మనమే ముందు రాసి, ఈ కేసులో ఎందుకు కాదో చెప్పాలి. ఇంగ్లీషులో శుభ్రంగా ఒక పేరా రాయలేనివాడికి నేనైతే ఈ ఉద్యోగం ఇవ్వను, హెక్సా ఎంత బాగా చదివినా సరే.

నువ్వు ఒరాకిల్ వాడివి కాబట్టి ఒక పెద్ద కేసు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ బ్యాంకు నుంచి 81 మిలియన్ డాలర్లు పోయాయి గుర్తుందా? అక్కడ స్విఫ్ట్ (బ్యాంకులు డబ్బు మెసేజ్‌లు పంపుకునే నెట్‌వర్క్) సాఫ్ట్‌వేర్ కింద ఉన్నది ఒరాకిలే. దొంగలు పెట్టిన ప్రోగ్రాం ఒక డీఎల్‌ఎల్ (ప్రోగ్రాం ముక్క) ఫైల్లో రెండే రెండు బైట్లు మార్చింది, తనిఖీ ఫెయిలైనా పాసైనట్టు ముందుకెళ్లేలా. అలా డేటాబేస్ లోపలికి చొరబడి, తాము పంపిన మెసేజ్‌ల రోలు డిలీట్ చేసింది. ప్రింటర్లో కాగితం రాకుండా కూడా చూసుకుంది. ఆ ప్రోగ్రాం దొరికాక దాన్ని విప్పి చూసి ఈ సంగతులు బయటపెట్టారు. ఒరాకిల్‌లో డిలీట్ కూడా ఒక రాతే కదా, రీడో అనే మార్పుల లాగ్‌లోకి వెళ్తుంది, దాని పాత కాపీలే ఆర్కైవ్ లాగ్‌లు. ఆర్కైవ్ ఉంటే లాగ్‌మైనర్ అనే ఒరాకిల్ పనిముట్టు చూపిస్తుంది, సప్లిమెంటల్ లాగింగ్ (అదనపు వివరాలు రాసే సెట్టింగు) ముందే ఆన్‌లో ఉంటే ఇంకా వివరంగా. అందుకే ఆవిడ నిన్ను మొదట ఆ ప్రశ్న అడిగింది.

జీతం సంగతి. నేను మారినప్పుడు తగ్గింది, రెండేళ్లకి పాత చోటికొచ్చింది. ఈఎంఐ ఉందంటున్నావు కాబట్టి ఉద్యోగం మానేసి దూకకు. మీ కంపెనీలోనే ఆడిట్, సెక్యూరిటీ వాళ్లకి సాయానికి చేరు. ప్రభుత్వ ల్యాబులు, అంటే రామంతాపూర్‌లో కేంద్రానిది, రెడ్‌హిల్స్‌లో రాష్ట్రానిది, నోటిఫికేషన్ వస్తేనే, డిగ్రీ, వయసు పట్టింపులతో. అవి నీకు కుదరడం కష్టం. చదువే కావాలంటే గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఎంఎస్సీ ఉంది, అమీర్‌పేట కాదు.

ఈ రాత్రి ఒక పని చెయ్యి. సొంత మెషీన్లో పోస్ట్‌గ్రెస్ పెట్టు, ఒక టేబుల్ చెయ్యి, కొన్ని రోలు డిలీట్ చెయ్యి, పేజ్‌ఇన్‌స్పెక్ట్ ఎక్స్‌టెన్షన్‌తో పేజీ తెరిచి చూడు. పోయినవి పోయాయో లేదో వచ్చి చెప్పు.

కోర్టు పక్షి

పాత లాగు గారు సాంకేతికం చెప్పేశారు (ఆ పేరు పెట్టుకుని కోర్టుకి ఎలా వస్తారో గానీ), నేను నల్లకోటు వైపు నుంచి రెండు మాటలు.

లా డిగ్రీ అవసరం లేదు, ఒక్క సెక్షన్ మాత్రం కంఠతా రావాలి. పాత సాక్ష్య చట్టంలో 65బీ అనేవాళ్లం, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్. అసలు సర్వర్‌ని మోసుకొచ్చి జడ్జి ముందు పెట్టలేం కదా, కాపీ ఇస్తాం. ఆ కాపీకి సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో తేల్చేసింది. కొత్త ఫారంలో రెండు భాగాలు. మొదటిది (పార్ట్ ఏ) సిస్టం ఎవరి చేతిలో ఉందో వాళ్లది, రెండోది (పార్ట్ బీ) నిపుణుడిది. హాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారో రెండిట్లోనూ రాయాలి. కోల్డ్ స్టోరేజీ ఓనరు ఎదురుగా హాష్ తీసి సంతకం పెట్టించారు చూశారా, ఆ కాగితం లేకపోతే 9సీ 01 ఎంత మెరిసినా విచారణలో మొదటి పది నిమిషాల్లోనే కొట్టుకుపోతుంది.

రెండోది టైం. నా ముందే జరిగింది. నిపుణుడు రిపోర్టులో "12వ తేదీ రాత్రి 11.50" అని రాశాడు. సర్వర్ గడియారం యూటీసీలో (అంతర్జాతీయ సమయంలో) ఉంది, ఐదున్నర గంటలు కలపడం మర్చిపోయాడు. మన టైం ప్రకారం అది 13 తెల్లవారుజాము 5.20. అవతలి వాళ్లు, 12 రాత్రి మా మనిషి తిరుమల క్యూలో ఉన్నాడని దర్శనం టికెట్ తీశారు. మిగతా రిపోర్టంతా ఒప్పే. ఎవరు వింటారు?

పని ఉంటుందా అంటే, ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తీసేయడానికి వీల్లేకుండా ఉండాలని రూలు, ఆడిటర్ దాని మీద రిపోర్టు ఇవ్వాలి. సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్ అనే కేంద్ర సైబర్ భద్రతా సంస్థకి చెప్పాలి, సిస్టం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, ఇది 2022 నాటి ఆదేశం. మీ ఏడు రోజుల ఆర్కైవ్ గురించి మీ మేనేజర్‌తో ఒకసారి కూర్చుని మాట్లాడండి.

ఇక హైదరాబాద్‌లో కూర్చుని సత్యం కంప్యూటర్స్ కేసు గుర్తు చేసుకోకపోతే ఎలా? 2009లో సీబీఐ తేల్చింది 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు. కాగితాల కట్టలు కాదు, ఇన్‌వాయిస్ సిస్టంలో సూపర్ యూజర్ లాగిన్‌తో పుట్టించి, ఫైనాన్స్ వాళ్ల స్క్రీన్ మీద కనపడకుండా దాచిన ఎంట్రీలు. అప్పుడు దీన్ని డేటాబేస్ ఫోరెన్సిక్స్ అని ఎవరూ అనలేదు. చేసింది మాత్రం అదే.

డాలస్ వదిన

నేను ఇక్కడ డేటా లీకుల కేసులు చూస్తా. ఇక్కడ ప్రశ్నే వేరు. "ఎవరు మార్చారు" కాదు, "ఏ రోలు చదివారు, ఎంతమందివి?" అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ లీకైతే బాధితులకు తెలియజేయాలనే చట్టాలున్నాయి, కాబట్టి లెక్క కావాలి. ఇబ్బంది ఎక్కడంటే, రాసింది దొరుకుతుంది, చదివింది దొరకదు. సెలెక్ట్ (చదివే కమాండ్) కొడితే రీడోలో గానీ మైఎస్‌క్యూఎల్ బిన్‌లాగ్‌లో గానీ దాని ఊసే ఉండదు. ఆడిట్ ముందే ఆన్ చేసి ఉండాలి, మనం వెళ్లే చోట్ల పది చోట్లయితే ఎనిమిది చోట్ల ఉండదు. అప్పుడు నెట్‌వర్క్‌లో ఎన్ని జీబీలు బయటికెళ్లాయి, ఎస్‌క్యూఎల్ సర్వర్ క్వెరీ స్టోర్‌లో ఏ క్వెరీ మిగిలింది, పోస్ట్‌గ్రెస్ పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్‌లో ఎన్ని రోలు తిరిగొచ్చాయని చూపిస్తోంది, ఇలా పక్కదారుల్లో లెక్క కట్టాలి. తేలకపోతే కంపెనీ అందరికీ ఉత్తరాలు పంపాల్సిందే.

ఇంకోటి, క్లౌడ్. అమెజాన్ ఆర్‌డీఎస్ లాంటి క్లౌడ్ డేటాబేస్‌లలో ఫైలు మన చేతికే రాదు. పాత లాగు అన్నయ్య హెక్సా విద్య అక్కడ పనిచేయదు. స్నాప్‌షాట్, క్లౌడ్‌ట్రెయిల్ (క్లౌడ్ ఖాతాలో ఎవరేం చేశారో చిట్టా), ఆన్ చేసి ఉంటే ఆడిట్ లాగ్, అంతే. కొత్తగా వచ్చేవాళ్లు ఇది కూడా నేర్చుకోండి, మా దగ్గర సగం కేసులు ఇవే.

పాత లాగు

వదినా, ఒప్పుకుంటున్నా. క్లౌడ్ కేసొస్తే నేను మా టీమ్‌లో పాతికేళ్ల అమ్మాయిని పిలుస్తా.

నైట్ షిఫ్ట్ డీబీఏ

అన్నా, కోర్సుకి కట్టలేదు. మీరు చెప్పింది చేశా. 500 రోలు పెట్టి 200 డిలీట్ చేశా. వెంటనే పేజీ తెరిస్తే అన్నీ ఉన్నాయి! ఎక్స్‌మ్యాక్స్ అనే గడిలో డిలీట్ చేసిన ట్రాన్సాక్షన్ నంబరు పడింది, డేటా చెక్కు చెదరలేదు. ఆరేళ్లలో ఎప్పుడూ ఇలా లోపలికి చూడలేదు. సంతోషంగా భోంచేసి వచ్చి మా ఆవిడకి చూపిద్దామని తెరిస్తే స్లాట్లన్నీ ఖాళీ. పరువు పోయింది.

పాత లాగు

ఆటోవాక్యూమ్ (డిలీటైన రోలు ఊడ్చే పని) ఆపలేదా? డిఫాల్ట్‌లో యాభైకి పైన టేబుల్లో ఐదో వంతు, అంటే నీ టేబుల్‌కి 150 దాటితే చాలు, నిమిషానికోసారి లేచి చూసి ఊడ్చేస్తుంది. నువ్వు అన్నం తిన్నావు, అది నీ సాక్ష్యం తిన్నది.

ఇంకా అయిపోలేదు. చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులు డిస్క్‌కి దించడం) తర్వాత ఒక పేజీలో మొదటిసారి మార్పు జరిగితే పోస్ట్‌గ్రెస్ ఆ పేజీ మొత్తాన్నీ వాల్ అనే తన మార్పుల లాగ్‌లో రాస్తుంది. వాల్ ఫైళ్లు తిరగరాసుకోక ముందే కాపీ తీసుకుని పీజీ వాల్‌డంప్‌తో చూడు. వెర్షన్ 16 నుంచి ఆ పేజీ బొమ్మల్ని విడిగా ఫైళ్లుగా తీసే ఆప్షన్ కూడా ఉంది.

నైట్ షిఫ్ట్ డీబీఏ

రాత్రి 2.10. షిఫ్ట్‌లో ఉన్నా, మధ్యలో సొంత ల్యాప్‌టాప్‌లో చూస్తున్నా. దొరికింది అన్నా! 137వ రో, పేరు కాలమ్‌లో నేను పెట్టిన "ఒంగోలు గిత్త" పేజీ బొమ్మలో స్పష్టంగా ఉంది.

ఇంతలో టికెట్ వచ్చింది. ప్రొడక్షన్ డిస్క్ 92 శాతం, పాత ఆర్కైవ్ లాగ్‌లు తీసేయమంటున్నారు. మామూలుగా అయితే రెండు నిమిషాల పని. ముందు వేరే డిస్క్‌కి కాపీ పెట్టా, నలభై నిమిషాలు చూపిస్తోంది. లీడ్ అప్పుడే రెండుసార్లు ఫోన్ చేశాడు.

పాత లాగు

ఎత్తకు. హాష్ కూడా తీసి పెట్టు.